గుండెకోత నెరిగినవారు

మన తెలుగు భాషలో గుండె అను మాటకున్నంత చాకిరి మరియొక అవయవమునకు లేదు. ధైర్యము గలవాడు గుండె దిటవు గలవాడు. భయపడినవానికి గుండె జారిపోవును. దుఃఖము ముంచుకొని వచ్చిన గుండె చెరువగును. కన్నబిడ్డ దూరమైన అది గుండెకోత. మన సంచికలోని ఉర్దూ భాగమును తెరచినచో 'దిల్' అను మాట లేని గజలు కనపడుట అరుదు. ఇట్టి భాషలలో పుట్టి పెరిగిన రైతుతో డాక్టరు "నీ గుండెకు ఆపరేషన్ చేయవలెను" అని చెప్పినపుడు, డాక్టరు చెప్పునది రక్తమును తోడు ఒక కండరమును గూర్చి. రైతు వినునది తన ధైర్యమును, తన మమతలను, తన ప్రాణమును కోసి తెరచుదురని. ఈ రెండింటి నడుమ నున్న దూరమును గూర్చియే మేము ఈ వ్యాసమున కొన్ని మాటలు చెప్పదలచినాము.

ఒకప్పుడు ఈ చిక్కు మనది కాదు. మన దేశములో గుండె రక్తనాళములకు తొలి బైపాస్ ఆపరేషన్ 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రియందు డాక్టర్ కె.ఎం. చెరియన్ చేసినారు. ఆ వార్త పత్రికలలో చదివినవారికి గూడ అది తమ కొరకని తోచియుండదు. మద్రాసుకో వేలూరుకో పోవలెనన్న భూమి అమ్మవలెను. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడునట్టి, ఆ వానను నమ్మి వేరుసెనగ వేయునట్టి మన మెట్టభూమిని ఎవరు కొందురు, ఎంతకు కొందురు? కావున ఆయాసమున్నవారు అరుగు మీద కూర్చుండి, "గాలి ఆడదు" అని చెప్పుకొనుచు, ఒక వేసవిలో వెడలిపోయెడివారు. అది ఏ జబ్బో ఇంటివారికి తెలిసెడిది కాదు.

1991 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు పుట్టపర్తి చేరువ ప్రశాంతిగ్రామమున శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థను ప్రారంభించినారు. రోగి వద్ద రూపాయి తీసికొనకుండ గుండెను కోసి కుట్టి పంపు ఆసుపత్రి, ఈ కరవు సీమ నడుమ వెలసినది. పిదప 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మొదట మూడు జిల్లాలలో ఆరంభమైనది. అనంతపురము, మహబూబ్‌నగర్, శ్రీకాకుళము. ప్రభుత్వములు మారి పథకము పేరు మారినను దాని వెనుకనున్న ఏర్పాటు పోలేదు. 2022లో పుట్టపర్తి, ధర్మవరము, కదిరి, హిందూపురము శ్రీ సత్యసాయి జిల్లాగా వేరుపడినవి. జిల్లా గీతను మేఘములు లెక్కచేయవు గనుక, మా దృష్టిలో ఇది యంతయు నేటికిని ఒక్క పీఠభూమియే.

దీని ఫలితమేమనగా, నేడు రొమ్ము నడుమ నిలువుగా జానెడు మచ్చ గలవారు వేరుసెనగ కళ్లములలో నున్నారు, మగ్గముల వద్ద నున్నారు, బస్టాండు టీ అంగళ్ల ముందు నున్నారు. చొక్కా బొత్తాములు వేసికొనియుందురు గనుక మనకు కనపడరు. డబ్బు చిక్కు చాలవరకు తీరినది. దాని తరువాత వచ్చు చిక్కును ఎవరును లెక్కకు తీసికొనలేదు.

ధర్మవరములో మా బంధువుల వీథిలో ఒక నేతగాడు గలడు. నలువది యెనిమిదేండ్ల వయస్సున బైపాస్ చేయించుకొన్నాడు. రొమ్ముటెముకను నిలువుగా కోసి, పని ముగిసిన పిదప ఉక్కుతీగెలతో బిగించినారు. కాలి నుండి సిర తీసి గుండెకు అతికినారు. ఇంటికి పంపునపుడు చెప్పవలసినవన్నియు చెప్పినారు. మాత్రలు ఏవి, ఎంత నడవవలెను, బరువు ఎన్ని వారములు ఎత్తరాదు, దగ్గు వచ్చినపుడు దిండును రొమ్మునకు హత్తుకొనవలెను. చీటీ మీద వ్రాసియు ఇచ్చినారు. అందులో లేనిదొక్కటే. తనకు ఏడుపు వచ్చునని ఎవరును అతనికి చెప్పలేదు.

ఏడ్చుటకు కారణమక్కరలేదు. టీవీలో పెండ్లి చూచిన ఏడుపు. కుమార్తె మంచినీళ్లు తెచ్చి ఇచ్చిన ఏడుపు. అతడు ముప్పది యేండ్లు గుంటమగ్గమున కూర్చున్న మనిషి. కరవులను, షావుకారు అప్పులను చూచినవాడు. తన తండ్రి పోయిననాడు గూడ పదిమందిలో కన్నీరు పెట్టనివాడు. కోసినపుడు తన గుండెలో నుండి ఏదో తీసివేసినారని అతనికి నమ్మకము కలిగినది. రాత్రి దగ్గిన తీగెలు తెగునని భయము. గోడకానుకొని కూర్చుండియే నిద్రపోయెడివాడు. నడువుమని డాక్టరు చెప్పినను వీథిలోనికి పోయినచో "అదో, గుండె ఆపరేషన్ అయినాయన" అని వినపడుచున్నందున నడక మానినాడు. మూడు మాసములు గడచినవి, మగ్గమెక్కవచ్చునని డాక్టరు చెప్పినాడు, ఐదవ మాసము గూడ వచ్చినది. అతడు మగ్గమెక్కలేదు. ఇంటిలో రెండు పూటల కూడు ఒక పూటయైనది.

ఆ దినములలో ఇయాదత్తునకు రానివారు లేరు. ఈ మాటను మేము గౌరవముతోనే వాడుచున్నాము. రోగిని చూడబోవుట ముస్లిము సంప్రదాయమున ఒక విధి, తెలుగువారికి పరామర్శ ఒక మర్యాద; మన పల్లెలలో ఈ రెండును ఏనాడో కలసిపోయినవి. మతమడిగి గడప త్రొక్కువారు మన సీమలో తక్కువ. సంచిలో చీనీకాయలు, చేతిలో టెంకాయ, నోటిలో ధైర్యవచనములు. అయితే కూర్చున్న అయిదు నిమిషములకు వచ్చినవారు ఏమి మాటలాడుదురో మనమందరము ఎరుగుదుము. "మా పెదనాయన అల్లునికి గూడ ఇట్లే ఆపరేషన్ చేసిరి. బాగుండెననిరి. ఎనిమిదో దినము..." అని మొదలు పెట్టి, ఇంటి ఇల్లాలు కండ్లెర్ర చేసిన తరువాత గాని ఆపరు. కొందరు మంచి మనస్సుతో "ఆపరేషన్ అయిపోయె గదా, ఇంకేమి దిగులు?" అందురు. ఈ మాట మొదటి దానికంటె బరువైనది. ఆపరేషన్ అయిపోయిన పిదప దిగులు పడువాడు కృతఘ్నుడని, పిరికివాడని అందులో తేలుచున్నది. రోగి నోరు మూసికొనును. ఆరోగ్యవంతులు రోగిని చూడవచ్చుటలో ఎల్లప్పుడును ఒక గట్టు మీద నిలిచి లోయలోనికి మాటలు విసరుట కలదు. మేము గూడ అట్లే విసరినాము.

ఆ నేతగాని ఇంటికి ఒకనాడు పదవీ విరమణ చేసిన బస్సు కండక్టరు ఒకరు వచ్చినారు. ఇయాదత్తునకు కాదు, కుమార్తె పెండ్లికి చీర కొనుటకు. మగ్గము ఖాళీగా నుండుట చూచి సంగతి అడిగినారు. ఇంటివారు చెప్పినారు. ఆయన ఏమియు పలుకక చొక్కా పై రెండు బొత్తాములు విప్పినారు. అదే మచ్చ, ఆరేండ్ల నాటిది, తెల్లబడినది. అప్పుడు మేము అచటనే యున్నాము గనుక తరువాతి మాటలు మాకు జ్ఞాపకమున్నవి.

"సిర తీసిన కాలు సాయంత్రానికి వాస్తాందా?"

"వాస్తాంది భాయ్."

"రాత్రి పక్కకు తిరిగి పండుకుంటే లోపల టక్కుమన్నట్ల అనిపిస్తాందా?"

నేతగాడు తల ఎత్తి చూచినాడు.

"ఏడుపొస్తాందా?" అని ఆయన అడిగినారు. సమాధానమునకు ఆగలేదు. "నాకూ వచ్చె. మూడు నెల్లు. పెరట్లో కట్టెల చాటున కూర్చోని ఏడ్చినా, ఇంట్లో ఆడోళ్లకు తెలీకుండా. బస్సులో ఎంతమందిని అదిలించిన మనిషిని నేను! డాక్టరును అడిగితే, శానామందికి వస్తాది, పోతాది అనె. ముందే చెప్పి ఉంటే అంత సిగ్గు పడకపోదును."

ఆయన గంటసేపు కూర్చున్నారు. చీర మాట మరచినారు. మరుసటి వారము నేతగాడు మగ్గము మీద అరగంట కూర్చున్నాడు, ఆ మరు వారము గంట. ఆ కండక్టరుగారు వైద్యము చేసినారని మేము చెప్పుట లేదు. మాత్రలు పని చేయుచునే యుండినవి, ఎముక అతుకుచునే యుండినది. కాని మేము, బంధువులము, చదువుకొన్నవారము, అయిదు మాసములలో అడుగలేని మూడు ప్రశ్నలను ఆయన అయిదు నిమిషములలో అడిగినారు. ఆ ప్రశ్నలు ఏ పుస్తకములోను లేవు. ఆయన రొమ్ము మీద నున్నవి.

అందరికిని ఇట్టి అదృష్టము పట్టదు. ఈ సంగతి వ్రాయుటకు మాకు చేయి ఆడకున్నను వ్రాయక తప్పదు. మన ప్రాంతమున పేదవారి గుండెను చెరచు జబ్బులలో రుమాటిక్ జ్వరము ఒకటి. చిన్నతనమున గొంతునొప్పిగా మొదలగును. సూక్ష్మజీవిని ఎదిరింపబోయి శరీరము తన కీళ్లనే, గుండె కవాటములనే గాయపరచుకొనును. పెన్సిలిన్ సూదిమందు మూడు వారముల కొకసారి ఏండ్ల తరబడి వేయించినచో జబ్బు ముదరకుండ ఆపవచ్చును. అట్లు వేయించుకొనని బిడ్డకు పదునెనిమిది, ఇరువది యేండ్లు వచ్చుసరికి కవాటము బిగిసి, బిందె ఎత్తిన ఆయాసము వచ్చును. కదిరి వైపు మేమెరిగిన ఒక అమ్మాయికి పంతొమ్మిదవ యేట కవాటము తీసి లోహపు కవాటము పెట్టినారు. లోహపు కవాటము గలవారు రక్తము గడ్డకట్టకుండ చేయు మాత్రను బ్రదికినంతకాలము వేసికొనవలెను, రక్తపరీక్ష చేయించుకొనుచుండవలెను. నిశ్శబ్దముగా నున్న రాత్రివేళ ఆ కవాటము గడియారము వలె చప్పుడు చేయును. ఆ చప్పుడు ప్రక్కన పండుకొన్న చెల్లెలికి వినపడునని ఆ అమ్మాయి దుప్పటి ముడిచి రొమ్ము మీద పెట్టుకొనెడిది.

సంబంధములు చూచుచున్నారు. మచ్చ దాచినారు, చీటీలు దాచినారు, మాత్రల పొట్లమును బియ్యపు డబ్బాలో దాచినారు. వచ్చిపోవు చుట్టముల కంటపడునని కొన్ని వారములు ఆమె మాత్ర మానినది. కుట్లు ఎన్నడో మానినవి గదా, ఇంకెందుకని ఒక పెద్దమనిషి సలహా గూడ ఇచ్చినాడు. కవాటము మీద రక్తము గడ్డకట్టినది. ఆమె నేడు లేదు.

అదే ఊరిలో, రెండు వీథుల అవతల, అట్టి కవాటముతోనే పదేండ్లుగా బడిలో వంట చేయుచున్న ఒక తల్లి గలదు. ఆమె మాత్ర డబ్బా వంటగది అలమరలో ఉప్పు డబ్బా ప్రక్కన అందరికి కనపడునట్లే యుండును. ఆ అమ్మాయి పోయిన పిదప గాని ఆమె సంగతి మాకు తెలియలేదు. వారిద్దరు ఒకరినొకరు ఎరుగరు. ఎరిగియున్నచో ఏమైయుండునో మేము చెప్పజాలము. కాని ఆ డబ్బాను ఆ అమ్మాయి ఒక్కసారి చూచియుండవలసినది.

ఈ ఆలోచన మనకే మొదట తట్టినది కాదు. అమెరికాలో బోస్టన్ నగరమున డ్వైట్ హార్కెన్ అను శస్త్రవైద్యుడుండెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికుల గుండెలలోను, గుండెల చుట్టును దిగిన గుండ్ల ముక్కలను తీసి వారిని బ్రదికించినవాడు. యుద్ధము ముగిసిన పిదప బిగిసిపోయిన కవాటములను తెరచుట చేపట్టినాడు. ఆయన చేత ఆపరేషన్ చేయించుకొన్న నలుగురు రోగులు 1951లో ఒకచోట చేరి, తమ అనుభవమును ముచ్చటించుకొని, తమ వెనుక వచ్చువారిని పరామర్శింపవలెనని నిశ్చయించినారు. ఆ కూటమికి 'మెండెడ్ హార్ట్స్' అని పేరు. అతుకుపడిన గుండెలని మనము చెప్పుకొనవచ్చును. నాటి నుండి ఆ సంఘము అమెరికా యంతట వ్యాపించి, కోలుకొన్న రోగులను ఆసుపత్రి మంచముల కడకు పంపుచున్నది. ఇందులో మాకు ఆశ్చర్యము కలిగించినది వేరు. బోస్టనులో ఆనాడు వారిని బాధించిన కవాటపు జబ్బునకు మూలము సాధారణముగా రుమాటిక్ జ్వరమే. అనగా కదిరి అమ్మాయి జబ్బే. అచట ఆ జ్వరము నేడు అరుదు. సంఘము మాత్రము నిలిచియున్నది. ఇచట జబ్బు నిలిచియున్నది.

ఈ విషయమును శాస్త్రజ్ఞులు గూడ తూచి చూచినారు. 1993లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు గుండెపోటు వచ్చిన 222 మందిని పరిశీలించి, తీవ్రమైన మనోవ్యాకులతలో పడినవారు ఆరు మాసములలో మరణించుట ఇతరుల కంటె అనేక రెట్లు ఎక్కువగా నున్నదని ప్రకటించినారు. అట్లయిన వ్యాకులతను తొలగించిన ఆయువు పెరుగునా? 2003లో అమెరికాలో 2,481 మంది రోగులతో జరిపిన పెద్ద పరీక్ష ఫలితములు వెలువడినవి. శిక్షణ పొందిన మనోవైద్య నిపుణులు వారితో మాటలాడినారు. దిగులు కొంత తగ్గినది, ఒంటరితనము కొంత తగ్గినది; మరణములు గాని, మరల వచ్చు గుండెపోట్లు గాని తగ్గలేదు. ఈ సంగతిని దాచి మా వాదమును బలపరచుకొనుట మాకిష్టము లేదు. ఓదార్పు వలన ఆయువు పెరుగునని మేము ఎవరికిని మాట ఇయ్యము. అయితే 2000 సంవత్సరమున కెనడా నుండి వెలువడిన ఒక చిన్న పరిశోధన మన సంగతికి మరింత దగ్గర. మొదటిసారి ఆపరేషన్ చేయించుకొను 56 మంది పురుషులను తీసికొని, అందులో కొందరి కడకు, అదే ఆపరేషన్ చేయించుకొని కోలుకొన్నవారిని పంపినారు. వారిలో ఆందోళన తగ్గినది. నడచుట, మెట్లెక్కుట వంటి పనులకు వారు మిగిలినవారి కంటె ముందుగా పూనుకొన్నారు. కోలుకొన్నవారు చేసిన వైద్యమేమియు లేదు. ఎదుట కూర్చున్నారు, అంతియే. మెట్లెక్కగలిగిన మనిషిని చూచిన మెట్లెక్కుటకు ధైర్యము వచ్చినది. మన కండక్టరుగారి బొత్తాముల సంగతియు ఇదియే.

ఇందులో ప్రమాదము లేకపోలేదు. కోలుకొన్న రోగి చాలమారు సగము డాక్టరగును. "నేను ఆ మాత్ర మానినా, ఏమీ కాలేదు" అను ఒక్క మాట చాలును, ఎదుటివాని ప్రాణము తీయుటకు. కావున అనుభవము చెప్పవలెను గాని మందు చెప్పరాదను నియమము లేకుండ ఏ కూటమిని పెట్టరాదని మా గట్టి అభిప్రాయము. మాత్రల సంగతి, రక్తపరీక్ష సంగతి వచ్చినపుడు "మీ డాక్టరు నడుగుడు" అని తప్ప వేరు పలుకరాదు. భయము చెప్పుకొనుటకు, నిద్ర చెప్పుకొనుటకు, అప్పు చెప్పుకొనుటకు, భార్యాభర్తల నడుమ కలిగిన జంకు చెప్పుకొనుటకు డాక్టరు అక్కరలేదు. ఏ డాక్టరుకును అంత తీరిక లేదు గూడ. దానికి మనము వారిని నిందించుట న్యాయము కాదు.

ఇక కళాశాల కమిటీవారికి మేము మనవి చేయునది. నెలకొక ఆదివారము రెండు గంటలపాటు మన కళాశాలలో ఒక గదిని ఇట్టివారికి ఇయ్యవలెను. స్త్రీలకు వేరు గది యుండవలెను. మచ్చను గూర్చి ఆడువారు మగవారి ఎదుట మాటలాడరు, అమ్మాయిలైన అసలే మాటలాడరు. మన విద్యార్థినీ విద్యార్థులు చేయదగిన పని చాల గలదు. వారికి ఉర్దూ వచ్చును, తెలుగు వచ్చును, ఇంగ్లీషు చీటీ చదువ వచ్చును. పరీక్ష తేదీని సెల్‌ఫోనులో గుర్తుచేయుటకు వచ్చును. ఏ వీథిలో ఎవరికి ఏ ఆపరేషన్ జరిగినదో, వారి అనుమతితో మాత్రమే, ఒక పుస్తకములో వ్రాసి భద్రముగా ఉంచుటకు వచ్చును. పల్లె నుండి వచ్చు పేదవారికి బస్సు చార్జీ ఇచ్చుటకు వార్షికోత్సవపు పందిరి ఖర్చులో కొంత తగ్గించిన చాలును. పూలదండలు వద్దు, ముఖ్య అతిథి వద్దు, గోడపత్రిక వద్దు, ఛాయాచిత్రము అసలే వద్దు. బియ్యపు డబ్బాలో మాత్రలు దాచుకొనువారు గోడపత్రిక కట్టిన చోటికి రారు.

ఈ మాట వెలువడిన వెంటనే రెండు ఆక్షేపణలు వచ్చినవి. చదువు చెప్పు సంస్థకు రోగులతో ఏమి పని యని మొదటిది. ఈ కళాశాలలో చదువు పిల్లలలో ఎందరి తండ్రులు రొమ్ము మీద మచ్చతో నున్నారో అడిగి చూడుడని మా జవాబు. మేము ఒక్క తరగతిలోనే అడిగినాము. లేచిన చేతులను చూచి అడిగినవారమే తల దించుకొన్నాము. గుండె రోగి మన ఆవరణలో పడిపోయిన బాధ్యత ఎవరిదని రెండవది. వారు ప్రతిదినము అనంతపురము బస్సులలో నిలబడి ప్రయాణము చేయుచున్నవారే. మన కళాశాల గది అంతకంటె అపాయకరమైనదని మేము అనుకొనము. 108కి ఫోను చేయుట, అంబులెన్సు వచ్చులోగా రొమ్మును ఎట్లు నొక్కవలెనో నేర్చుకొనుట మన విద్యార్థులకు ఎట్లును అవసరమే.

గ్రంథాలయము ప్రక్కనున్న పొడవాటి గది ఆదివారములందు తాళము వేసియే యుండును. తాళపుచెవి కార్యదర్శిగారి వద్ద నున్నది. కండక్టరుగారు మొదటి కూటమికి వత్తునని మాట ఇచ్చినారు. నేతగాని గూడ వెంటబెట్టుకొని వత్తునన్నారు. ధర్మవరములో ఉదయపు బస్సు ఎక్కెదమని, తొమ్మిది గంటలకు గేటు తెరచి యుంచుమని, తమ టీలో చక్కెర వేయవద్దని కబురు చేసినారు.